క్రాఫ్టు రూములో కోడి

గోదావరిఖనిలో మాకు కంపెనీ ఇచ్చిన క్వార్టరులో రెండు గదులు, ఒక వంటిల్లు. మా ఆయన గనిలో ఫిట్టరు. ముందుగది ఆయనది. నైట్ షిఫ్టు పడిన వారం పగలంతా నిద్రే కాబట్టి ఆ వారం ఇంట్లో గిన్నె చప్పుడైనా నేరమే. లోపలి గది మా అత్తది. నా కుట్టుమిషను ఆ రెండు గదుల మధ్య గుమ్మం దగ్గర ఉండేది. నేను దాన్ని తొక్కడం మొదలుపెట్టగానే అటునుంచి ఆయన, ఇటునుంచి ఆమె ఒకేసారి దగ్గేవారు.

ఆ రోజుల్లో మధ్యాహ్నం పూట టీవీలో ఒకావిడ నలగని చీర కట్టుకుని పాత సీడీలతో గోడగడియారం, ఐస్‌క్రీం పుల్లలతో పూలకుండీ చేసి చూపించేది. ఆమె వెనకాల ఒక గది కనిపించేది. రంగురంగుల దారాలు వరుసగా ఉండేవి, డబ్బాల మీద పేర్లుండేవి. నాకు పూలకుండీ మీద ఆశ పుట్టలేదు. ఆ గది మీద పుట్టింది.

"పెరట్ల ఒక రేకుల రూము ఏస్కుందాం. క్రాఫ్టు రూము," అన్నాను మా ఆయన అన్నం తింటుంటే.

"అంటే ఏంది?"

"కుట్లు, అల్లికలు, బొమ్మలు అన్నీ ఒక్కకాడ పెట్టుకునుడు."

"గిప్పుడు యాడ పెడ్తున్నవ్?"

"నీ మంచం కింద."

ఆ మాట పనిచేసింది. ఇక మిగిలింది మా అత్త. పెరట్లో ఉన్న కాస్త జాగాలో ఆమె కోళ్ళగూడు ఉంది. "కోడి గుడ్డు పెడ్తది. నీ రూము ఏం పెడ్తది?" అని అడిగింది. ఆమె బొంతలు కుట్టుకోవడానికి కూడా రూములో చోటిస్తానంటే గూడును గోడ పక్కకు జరపడానికి ఒప్పుకుంది. మనుషులం ముగ్గురం ఒప్పందానికి వచ్చాం. కోళ్ళను మాత్రం ఎవరూ అడగలేదు.

గోడలు లేచి, రేకులు పడ్డాక అసలు కష్టం మొదలైంది. మా ఆయనకు ఉత్సాహం వచ్చింది. గోడకు ఒక పలక బిగించి, మేకులు కొట్టి, ఒక్కో మేకు కింద ఏ వస్తువు వేలాడాలో దాని బొమ్మ తెల్లరంగుతో గీశాడు. గనిలోకి దిగే కార్మికుడు తన బిళ్ళ ఇచ్చి తలకు పెట్టుకునే దీపం తీసుకుంటాడు. ఆ పద్ధతే మా పెరట్లోకీ వచ్చింది. రేకు కత్తిరించి నాకొక బిళ్ళ, మా అత్తకొక బిళ్ళ చేసిచ్చాడు.

"కత్తెర తీస్తే ఆ మేకుకు నీ బిళ్ళ తగిలియ్యాలె. గప్పుడు కత్తెర ఎవరికాడున్నదో తెలుస్తది."

"ఇంట్ల ఉన్నదే ఇద్దరు ఆడోళ్ళం."

"బొగ్గుబాయిల గూడ అందరు గిట్లనే అంటరు. గట్లనే ప్రమాదాలయితయి."

తలుపు మీద ఎర్రరంగుతో 'ముందు భద్రత, తర్వాతే పని' అని రాశాడు. సూదులు, గుండీలు ఉండే గదికి అది. లోపల ఒక ఫస్టెయిడ్ డబ్బా కూడా తగిలించాడు. మొదటి వారంలోనే మా అత్త బిళ్ళ పెట్టకుండా కత్తెర తీసుకుపోయి ఎండుచేపల తలలు కోసింది. డ్యూటీ దిగి వచ్చిన మా ఆయన ఎంక్వైరీ పెట్టాడు.

"ఈ కత్తెరకు వాసన ఎట్లొచ్చింది?"

"నీ నోటికి ఎట్లొచ్చిందో గట్లనే. పొద్దున గదే కూర తిన్నవ్ గదా," అంది మా అత్త. ఎంక్వైరీ అంతటితో ముగిసింది.

నేనేమీ తక్కువ తినలేదు. పాలపొడి డబ్బాలు పోగుచేసి అన్నిటికీ పేర్లు అంటించాను. 'గుండీలు – తెల్లవి', 'గుండీలు – తెల్లవి కానివి'. మా ఊరి బొగ్గుపొడి పుణ్యమా అని కొన్నాళ్ళకే మొదటి డబ్బాలోవి రెండో డబ్బాలోకి మారాల్సి వచ్చేది. పొద్దున లేచి ఊడ్చి, తుడిచి, దారాలను రంగుల వరుసలో సర్దేసరికి వంట వేళయ్యేది. మిషను రూములోకి చేరినా పక్కింటి అక్క జాకెట్లు మాత్రం వంటింట్లో కూర్చుని చేత్తో కుట్టేదాన్ని. రూములో కుడితే దారప్పోగులు పడతాయి కదా!

ఇంతలో ఒక ఎర్రపెట్ట కిటికీలోంచి దూకి వచ్చి, 'ఊలు' అని రాసిన అట్టపెట్టెలో గుడ్లు పెట్టడం మొదలుపెట్టింది. తరిమితే తిరిగొచ్చేది. చివరికి పొదగడానికి కూర్చుంది.

"లేపకు. పాపం తగుల్తది," అంది మా అత్త. "దాని జాగకు అది అచ్చింది. నువ్వే దాని ఇంట్ల రూము ఏసినవ్."

సరిగ్గా ఆ వారమే కబురొచ్చింది. మా కాలనీ ఆడవాళ్ళ చేతిపనులు చూడటానికి ఆఫీసర్ల భార్యలు వస్తున్నారట. నా రూము సంగతి ఎవరో చెప్పారట. కోడిని తీయనివ్వనని మా అత్త గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంది. చేసేదిలేక కోడి చుట్టూ ఊలు పూలు పేర్చాను. అది కదలకుండా, కళ్ళు కూడా ఆర్పకుండా కూర్చుంది.

జీపు దిగిన వాళ్ళలో పెద్దాఫీసరు గారి భార్యను అందరూ మేడమ్ అనేవారు. వాళ్ళది కోస్తా వైపు. మేకుల పలక, బిళ్ళలు, డబ్బాలు చూసి, "ఎంత బాగా సర్దుకున్నావమ్మా!" అని మెచ్చుకుంది. ఆ తర్వాత ఊలు పెట్టె దగ్గర ఆగిపోయింది.

"అబ్బ, ఈ కోడిని చూడండి! ఈకలు అచ్చం నిజమైనవాటిలాగే ఉన్నాయి. దేంతో చేశావమ్మా?"

గుమ్మంలోంచి మా అత్త అంది, "గుడ్డుతోని."

మేడమ్ నవ్వుతూ చెయ్యి చాచింది. కోడి పొడిచింది. ఆవిడ కేకకు ముందుగదిలో నిద్రపోతున్న మా ఆయన లుంగీతో పరుగెత్తుకొచ్చాడు. ఫస్టెయిడ్ డబ్బా తెరిచే భాగ్యం ఆయనకు కలిగింది. వేలికి మందు రాసి, చెయ్యి విరిగినవాళ్ళకు కట్టినంత కట్టు కట్టి, అలవాటు కొద్దీ అడిగాడు:

"ఎట్లయింది మేడమ్? చూసినోళ్ళు ఎవరన్న ఉన్నరా?"

జీపు వెళ్ళిపోయింది. నేను ఏడ్చాను. మా ఆయన తనకు కంపెనీ నుంచి చార్జిషీటు వస్తుందని భయపడ్డాడు. కోడికేమీ పట్టలేదు.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం గొడుగు వేసుకుని మేడమ్ ఒక్కతే నడిచి వచ్చింది. "పిల్లలు లేచాయా?" అని అడిగింది. లేచాయి. చీర మాసిపోతుందని కూడా చూడకుండా నేల మీద కూర్చుని, ఒక పిల్లను అరచేతిలో పెట్టుకుంది. చిన్నప్పుడు వాళ్ళింట్లోనూ కోళ్ళుండేవట. ఇప్పుడు బంగళాలో తోటమాలి ఉన్నాడు, వంటమనిషి ఉన్నాడు, పెంచుకోవడానికి మాత్రం ఏమీ లేదు. "మా వారికి పడదు," అంది.

తర్వాత తరచుగా వచ్చేది. ఆవిడ వస్తోందని చుట్టుపక్కల ఆడవాళ్ళూ వచ్చేవారు. అందరూ తలా ఒక పని పట్టుకుని కూర్చునేసరికి డబ్బాల మీది పేర్లకూ లోపలి వస్తువులకూ సంబంధం తెగిపోయింది. నేను మొదటిసారిగా ఆ రూములో కూర్చుని ఒక జాకెట్టు కుట్టాను.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం వేడెక్కి గని గేట్ల దగ్గర మీటింగులు జరుగుతున్న రోజుల్లో మేడమ్ మా అత్తనడిగింది. "మామ్మగారూ, మీ రాష్ట్రం మీకొస్తే నన్ను రానివ్వరా ఇక్కడికి?"

మా అత్త బొంతలోంచి తలెత్తలేదు. "నువ్వు రా బిడ్డా. మీ ఆయననే రావద్దను. కోళ్ళు పడయి గదా ఆయనకు."

మేడమ్ కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది.

రాష్ట్రం వచ్చిన ఏడాదే వాళ్ళకు బదిలీ అయింది. వెళ్ళే ముందురోజు, తను ఎన్నో మధ్యాహ్నాలు కూర్చుని కుట్టిన దిండుగలేబును నా చేతికిచ్చింది. ఒక వైపు పొడవు, ఒక వైపు పొట్టి.

"ఇది అక్కడికి తీసుకెళ్తే నవ్వుతారు. ఇక్కడే ఉండనీ," అంది.

మా అత్త దాన్ని లాక్కుని, దూది కుక్కి, తల కింద పెట్టుకుని చూసింది.

"వంకర మంచిగనే ఉన్నది. నా మెడకు సరిపోయింది," అంది.