తాళ్లు విప్పిన విమానం

ఇరవై నాలుగేళ్ల వయసులో మనిషికి తెలియని విషయాలు చాలా ఉంటాయి గానీ, అవి తెలియవన్న సంగతి మాత్రం అస్సలు తెలియదు. నాకు ఆ వయసు కృష్ణానగర్‌లో, ముగ్గురం సర్దుకుని ఉండే ఒక గదిలో గడిచింది. కాలు ఒకచోట నిలిచేది కాదు. టీ కూడా నడుస్తూనే తాగేవాణ్ణి. విమానాల ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో వదిలేసి సినిమాల్లోకి వచ్చినవాణ్ణి కనుక (వదిలేశానని నేనంటాను, కాలేజీ వాళ్ల కథనం వేరు) యూనిట్‌లో అందరూ నన్ను ‘విమానం’ అనేవారు. “విమానం, క్లాప్ బోర్డు ఏదీ?” “విమానం, హీరోగారికి కొబ్బరినీళ్లు!” ఇదీ వరస. మా నాన్న ఏడాది గడువు పెట్టారు. “తెర మీద నీ పేరు ఒక్కసారి చూపించరా, ఇంక నిన్నేమీ అడగను. లేదంటే వచ్చి మిగిలిన పరీక్షలు రాయి” అన్నారు. అందులో పది నెలలు అయిపోయాయి. నేనేమో ఎనిమిదో అసిస్టెంటుని, పేర్లు వేసేది ఆరోవాడి దాకానే. అందుకే నాకంత తొందర.

అదృష్టం కొద్దీ ఆ సినిమాలో హీరో తుఫానులో చిన్న విమానం నడుపుతాడు. ఒకరోజు జూబ్లీ హిల్స్ ఆఫీసులో డైరెక్టరుగారు “అసలీ విమానం ఎలా ఎగురుతుందయ్యా?” అని గాల్లోకి ఒక ప్రశ్న వేశారు. నేను కొబ్బరిబోండాం పక్కన పెట్టి, గోడ మీది బోర్డు దగ్గరికి ఒక్క గెంతు గెంతాను. రెక్క బొమ్మ గీసి, పైన వంపు ఎక్కువ, కింద చదును అని చూపించాను. “ఎదురొచ్చిన గాలి రెక్క ముందంచు దగ్గర రెండుగా చీలుతుంది సార్. వెనకంచు దగ్గర ఆ రెండూ ఒకేసారి కలుసుకోవాలి. పైదారి పొడవు కాబట్టి పైగాలి పరుగెత్తాలి. పరుగెత్తే గాలికి ఒత్తిడి తక్కువ. అందుకని రెక్క పైకి లేస్తుంది” అన్నాను. డైరెక్టరుగారి కళ్లు మెరిశాయి. “అంటే చిన్నప్పుడు విడిపోయిన అన్నదమ్ములు క్లైమాక్స్‌లో కలిసినట్టు!” అన్నారు. “కరెక్ట్ సార్!” అన్నాను. గదిలో ఉన్న పదిమందికీ విమానశాస్త్రం అర్థమైపోయింది. ఆ గాలులు ఎందుకు కలవాలని ఒక్కరూ అడగలేదు. రెండుగా చీలినవి చివరికి కలవకపోతే ప్రేక్షకులు ఊరుకోరని మా అందరికీ తెలుసు కదా.

షూటింగ్ ఫిల్మ్ నగర్‌లో ఒక స్టూడియో వెనక ఖాళీ స్థలంలో. ఆర్ట్ డిపార్ట్‌మెంటు వాళ్లు పల్చటి చెక్క, థర్మకోల్ కలిపి ఇద్దరు కూర్చునే విమానం తయారుచేశారు. ముద్దుగా ఉంది గానీ, రెక్కలు పలకల్లా చదునుగా ఉన్నాయి. విమానానికి గుమ్మడికాయ దిష్టి తీశారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. డైరెక్టరుగారు నాలుగడుగులు వెనక్కి వేసి చూసి, “హీరో ఎక్కిన విమానం ముక్కు దించుకుని ఉంటుందా? ఎత్తండయ్యా!” అన్నారు. ముందు చక్రం కింద రెండు చెక్కపెట్టెలు పెట్టారు. విమానం గర్వంగా ఆకాశంలోకి చూడసాగింది. అప్పుడు కెమెరామన్ దాన్ని నేలకు కట్టిన తాళ్లు ఫ్రేమ్‌లో పడుతున్నాయని గొణిగాడు.

తుఫాను పుట్టించే రెండు పెద్ద ఫ్యాన్ల దగ్గర ‘కాక’ ఉండేవాడు. రహమత్ నగర్ మనిషి, యాభై దాటాయి. ఎందరో హీరోల జుట్టు, హీరోయిన్ల పైటలు ఎగరేసిన చెయ్యి అది. నేను తాళ్ల వైపు నడవడం చూసి కేకేశాడు. “తమ్మీ, తాళ్లు ఇప్పకు! ముక్కు మీదికున్నది. గా రెక్క గాలిని కిందికి నూకుతది, గాలి దాన్ని మీదికి నూకుతది. లేస్తది!”

నాకు నవ్వొచ్చింది. “కాకా, ఇది చదును రెక్క. పైదారి, కిందదారి ఒకటే పొడవు. రెండు గాలులూ తీరిగ్గా నడిచొచ్చి వెనకాల కలుసుకుంటాయి. లేవదు” అన్నాను.

“ఎందుకు కల్వాలె?” అన్నాడు కాక. “గా రెండు గాలులు ఏమన్న అన్నదమ్ములా? మీ సినిమానా గిది?”

జవాబు లేని ప్రశ్న వేస్తే నాకు చెడ్డ కోపం వచ్చేది. డైరెక్టరుగారు మా వైపే చూస్తున్నారు. ఎనిమిదోవాణ్ణి ఆరోవాణ్ణి చేసే క్షణం ఇదే అనిపించింది. “తాళ్లు విప్పేయండి! పూచీ నాది!” అని అరిచాను.

కెమెరా తిరిగింది, ఫ్యాన్లు హోరెత్తాయి. హీరోగారు పళ్లు బిగించి స్టీరింగు పట్టుకున్నారు. విమానం ఒకసారి వణికింది, రెండోసారి ఊగింది, మూడోసారి చెక్కపెట్టెల మీంచి జానెడు పైకి లేచి, తోక మీద కూర్చుంది. హీరోగారు పాత్రలో లేని కేక ఒకటి పెట్టారు. కాక ఫ్యాన్లు ఆపేశాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే పక్క షూటింగ్ ఫ్లోర్‌లో దిగేది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఒక రెక్క మాత్రం విరిగింది.

“ఎవరయ్యా తాళ్లు విప్పించింది?” అని గర్జించారు డైరెక్టరుగారు. నేను విరిగిన రెక్క వెనక్కి జరిగాను. కాక నా వైపు ఒక్క చూపు చూసి, “ఫ్యాన్ నేనే జర జోరు పెట్టిన సార్” అన్నాడు. అందరి ముందూ ఆయనకు చీవాట్లు పడ్డాయి. ఆ మధ్యాహ్నం నేను భోజనాల వరసలోకి వెళ్లలేదు. కాక మాత్రం ఫ్యాను నీడలో కూర్చుని మామూలుగానే డబ్బాలో అన్నం తిన్నాడు. నేను పదిసార్లు అటూ ఇటూ తిరిగి, పదకొండోసారి తిన్నగా డైరెక్టరుగారి కారవాన్‌లోకి దూరి, “విప్పించింది నేను సార్. కాక వద్దన్నాడు” అన్నాను. ఇంక గది ఖాళీ చేసి ఊరెళ్లడమే అనుకున్నాను.

ఆయన మానిటర్ నా వైపు తిప్పారు. “నీ గొంతు మైకులో పడింది. పూచీతో సహా. నువ్వొస్తావా రావా అని చూస్తున్నాను. ఇదిగో, ఈ భయం చూడు. మూడు సినిమాలుగా హీరోగారి మొహంలో నేను చూడని భయం! ఈ షాట్ ఉంచుతున్నాను. నీ పేరూ వేస్తాను. ముందెళ్లి కాకకు క్షమాపణ చెప్పు.” నేను చెప్పాను. కాక “సరే తీ” అని టిఫిన్ డబ్బా కడుక్కోవడానికి వెళ్లిపోయాడు.

సినిమా విడుదల రోజున నాన్ననూ కాకనూ మ్యాట్నీకి తీసుకెళ్లాను. నా పేరు, అన్ని శాఖల అసిస్టెంట్లూ కలిపి పదకొండు మంది మధ్య చీమంత అక్షరాల్లో, ఒక్క క్షణం వచ్చింది. ఆ క్షణంలో నాన్న వంగి, కుర్చీ కింద చెప్పు వెతుక్కుంటున్నారు. కాక మాత్రం ఈల వేశాడు. తెర మీద తన పేరు ఎక్కడా లేని మనిషి నా పేరుకు ఈల వేస్తుంటే నాకు సిగ్గేసింది, ఇప్పటికీ వేస్తుంది.

తిరిగి ఆటోలో వస్తుంటే నాన్న అడిగారు. “పేరు నేను చూడలేదు గానీ, మీ కాక చూశానన్నారు, చాలు. ఇంతకీ విమానం ఎలా ఎగురుతుందిరా?” నేను కాక వైపు చెయ్యి చూపించాను. కాక నాన్న చెయ్యి పట్టుకుని ఆటో బయట పెట్టి, అరచేతి ముందంచు కొద్దిగా పైకెత్తాడు. “గట్లనే ఉంచుండి పెద్దన్నా.” నాన్న చెయ్యి గాల్లోకి లేచింది. “అబ్బో!” అన్నారాయన. మళ్లీ పరీక్షల మాట ఎత్తలేదు. దారి పొడవునా, యూసుఫ్‌గూడ దాకా ఆ చెయ్యి అలాగే పెట్టుకుని కూర్చున్నారు.

ఇప్పుడు నాకూ కారుంది, డ్రైవరున్నాడు, నేను గెంతితే మోకాళ్లు ఒప్పుకోవు. అయినా జూబ్లీ హిల్స్ నుంచి దిగేటప్పుడు రోడ్డు ఖాళీగా ఉంటే అద్దం దించి అరచెయ్యి బయట పెడతాను. “ఏసీ అంతా పోతుంది సార్” అంటాడు డ్రైవరు. “ఒక్క నిమిషమే” అంటాను. చెయ్యి లేస్తుంది. నా పూచీ ఏమీ లేకుండానే.