తెలుగు లేని బ్యాకప్

మా ముత్తాత నర్సింగరావు నల్లగొండ వైపు పన్నెండు ఊళ్లకు దేశ్‌ముఖ్. తాత రాఘవరావు నిజాం కాలంలో తహసీల్దారు. ఆయన ఎదుట కుర్చీలో కూర్చోగలిగినవాళ్లు తక్కువ. నేను కంప్యూటర్లు బాగుచేశాను. 2011లో నారాయణగూడలోని ఒక మరమ్మతు సంస్థలో సీనియర్ సర్వీస్ ఇంజనీరుని. చిక్కడపల్లి, అశోక్‌నగర్ నా పరిధి.

అశోక్‌నగర్ గల్లీలో శోభ అనే ఆమె డీటీపీ సెంటర్ నడిపేది. పోటీ పరీక్షల గైడ్లు టైపు చేసి, పేజీలు కట్టి ప్రెస్సుకు ఇచ్చేది. హాస్టల్ పిల్లలు ప్రింట్ల కోసం తెచ్చే పెన్‌డ్రైవ్‌ల వల్ల వైరస్ పట్టి, ఒకనాడు ఆమె కంప్యూటర్ తెరుచుకోలేదు. ఏడాదిగా కట్టిన చరిత్ర గైడు అందులో ఉంది. మర్నాడు ప్రెస్సుకు చేరకపోతే, రాసిన మాస్టారు తన పనంతా వేరే సెంటరుకు ఇస్తానన్నాడు.

డిస్కంతా తుడిచి ఆపరేటింగ్ సిస్టం మళ్లీ వేయక తప్పదని చెప్పాను. ఆమె బెదరలేదు.

"వెయ్యండి సార్. రోజు పొద్దుమీకి బయటి డిస్కుల కాపీ చేస్త. నేనేమన్న పిచ్చిదాన్నా?"

ఆ కాపీని మా ఆఫీసు లాప్‌టాప్‌లో తెరిచి చూడనిదే తుడవనన్నాను.

"మీ తాతలు గింజ గింజ గిట్లనే చూసి కొలిపిచ్చుకునేటోళ్లా, దొరా?" అంది. మా ఇంటి సంగతి ఆమెకు తెలుసు. నేను ఆ బయటి డిస్కును లాప్‌టాప్‌కు తగిలించాను.

ఫైలు తెరుచుకుంది. పేజీ నిండా ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, చుక్కలు. తెలుగు ముక్క ఒక్కటీ లేదు.

"అయ్యో, ఏంది సార్ ఇది? నా తెలుగంత ఏడవోయింది?"

అప్పటి డీటీపీ తెలుగు చాలావరకు ఫాంటు మీదే నిలిచేది. ఫైల్లో ఉండేవి ఇంగ్లీషు గుర్తులే. వాటిని తెలుగుగా చూపేది ఫాంటు. ఫాంట్లు మాత్రం సిస్టంతో పాటు సీ డ్రైవ్‌లో ఉంటాయి. శోభ ఫైళ్లన్నీ కాపీ చేసింది, ఫాంట్లను ఎన్నడూ చేయలేదు. వాటిని వేసిన పాత ఆపరేటర్ ఎక్కడున్నాడో తెలియదు, సీడీ లేదు. తుడిచి ఉంటే ఆ గైడును ఎవరూ చదవలేకపోయేవారు.

కంప్యూటర్ డబ్బా విప్పి, లోపలి డిస్కును లాప్‌టాప్‌కు తగిలించి, ఫాంట్ల కోసం వెతుకుతుండగా మా మేనేజర్ ఫోన్ చేశాడు. "ఇంకెంతసేపు రావుగారూ? ఫార్మాట్ కొట్టి జర జల్ది రాండ్రి. లాప్‌టాప్ విద్యానగర్‌ల కావాలె." పని కాలేదని చెప్పి ఫోన్ పెట్టేశాను.

ఫాంట్లు దొరికాయి. వైరస్ లేదని చూసుకుని లాప్‌టాప్‌లో వేశాను. శోభ తెర మీద వేలు పెట్టి మొదటి వాక్యం పైకి చదివింది. అప్పుడు ఫాంట్లను కూడా ఆమె బయటి డిస్కులోకి ఎక్కించి, దాని తీగ ఊడదీసి చేతికిచ్చాను. సిస్టం వేసేటప్పుడు తెర మీద తగిలించిన డిస్కులన్నీ అంకెలతో వరసగా కనిపిస్తాయి. తొందరలో ఉన్నవాడు ఒకటి బదులు ఇంకొకటి తుడుస్తాడు. తీగ లేని డిస్కును ఎవరూ తుడవలేరు.

ఆమె దాన్ని చున్నీలో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. పక్క దుకాణం ఆయన చాయ్ తెచ్చి, "ఏందక్కా, చంటిపిల్లనా?" అన్నాడు.

"గంతకన్న ఎక్కువనే. నువ్వు చాయ్ ఆడ వెట్టి పో."

పాతదంతా తుడిచి సిస్టం వేసి, ఫాంట్లూ ఫైళ్లూ తిరిగి ఎక్కించాను. గైడు మర్నాడు ప్రెస్సుకు వెళ్లింది. మాస్టారు పని ఆమె దగ్గరే నిలిచింది. నా సర్వీసులో సిస్టం మార్పిడి వల్ల ఒక్కరి ఫైలూ పోలేదు. ఇది గొప్పగానే చెబుతున్నాను.

ఆ రోజు తేలినది ఇది: కాపీ చేసినంత మాత్రాన ఫైలు భద్రం కాదు. వేరే యంత్రంలో తెరిచి చదవాలి. ఆ తర్వాత పని ముగిసేదాకా దాన్ని యంత్రానికి దూరంగా ఉంచాలి. అందుకు ఇంజనీరు చేతిలో అడిగి తెచ్చుకున్నది కాక సొంత లాప్‌టాప్ ఉండాలి. సంస్థ ఇవ్వనంది. తాతగారు తాంబూలం పెట్టుకునే వెండి పాందాన్ అమ్మి కొన్నాను.