నార్మన్ టాలంటైర్ గుసగుస

మా నార్మన్ టాలంటైర్‌కి మెల్లగా మాట్లాడటం రాదు. కొందరికి ఈత రాదు, కొందరికి లెక్కలు రావు, ఈయనకి ఇది రాదు. తన వంటింట్లో కూర్చుని "ఐరిస్, టీ!" అంటే, వాగు ఇవతల మా ఇంట్లో నేను లేచి కెటిల్ పెట్టేస్తాను. ఆయన మూలశంక సంగతి డాక్టరు కంటే ముందు లోయకంతా తెలిసింది. ఓసారి పెళ్ళాం పుట్టినరోజుకి ఏం కొన్నాడో రహస్యమంటూ నా చెవిలో చెప్పాడు. మేడ మీంచి ఐరిస్ "నాకా రంగు వద్దు!" అంది. మా కంబ్రియా కొండల్లో మనుషులు తక్కువ, గొర్రెలు ఎక్కువ కాబట్టి బతికిపోయాం.

అలాంటి మనిషి భార్యని వెంటబెట్టుకుని ఉగాండా అడవుల్లో గొరిల్లాల్ని చూడ్డానికి తయారయ్యాడు. పెళ్ళయిన కొత్తలో ఐరిస్‌కిచ్చిన మాట అది. ఏప్రిల్లో వెళ్దామంటే గొర్రెలు ఈనే కాలం. జులైలో అంటే బొచ్చు కత్తిరించాలి. నవంబర్లో అంటే పొట్టేళ్ళని మందలోకి వదలాలి. అలా ముప్పై నాలుగేళ్ళు గడిచాయి. చివరికి నేనే విసిగిపోయి, "సెప్టెంబర్లో మంద నేను చూసుకుంటా, వెళ్ళి తగలడండి" అన్నాను.

ప్రయాణం ఏర్పాటు చేసేవాళ్ళు నియమాల కాగితం పంపారు. గొరిల్లాల దగ్గర ఉండనిచ్చేది ఒక్క గంట. ఏడు మీటర్ల దూరంలో నిలబడాలి. మీదికొస్తే పరిగెత్తకుండా తలదించుకుని కూర్చోవాలి. గుసగుసగా తప్ప మాట్లాడకూడదు. ఈ ఆఖరి ముక్క కూడా నార్మన్ అరిచే చదివాడు. నేను మా పెరట్లో బట్టలు ఆరేస్తూ విన్నాను.

ఐరిస్ వేలు చూపించి మరీ చెప్పింది. "ముప్పై నాలుగేళ్ళు ఎదురుచూసిన గంట అది. నువ్వు నోరు తెరిచి వాటిని పక్క దేశానికి తోలావంటే, నిన్ను అక్కడే వదిలేసి వస్తా."

మర్నాటి నుంచి సాధన మొదలు. గొరిల్లాలు లేవు కాబట్టి గొర్రెలే గొరిల్లాలు. అడుగులతో ఏడు మీటర్లు కొలుచుకుని, మోకాళ్ళు వంచి, "ఎంత బాగున్నాయో" అని గొంతు నొక్కిపెట్టి అనేవాడు. పుట్టిన దగ్గర్నుంచీ ఆ గావుకేకకే అలవాటుపడిన గొర్రెలు, ఈ కొత్త గొంతు విని ఏదో ముంచుకొచ్చిందనుకున్నాయి. రాతిగోడ దూకి నా పొలంలో పడ్డాయి. ఆ వారంలో మూడుసార్లు తోలాను.

కుక్క నెల్ సంగతి ఇంకా ఘోరం. "నెల్, కూర్చో" అని గుసగుసగా అన్నాడు. అది ఆయన వంక చూసింది, ఆయన వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని చూసింది, తర్వాత తిన్నగా మా ఇంటికొచ్చి పొయ్యి ముందు పడుకుంది.

"ఒంట్లో బాగాలేదేమో దీనికి," అన్నాడు నార్మన్, దాన్ని తీసుకెళ్ళడానికొచ్చి.

"దానికి బాగానే ఉందయ్యా. నీకే బాగాలేదనుకుంటోంది. టీ తాగుదువుగాని, కూర్చో."

"నించునే తాగుతా."

"అదేం?"

"తలదించుకుని కూర్చోవడం సాధన చేశా. పొట్టేలు ముందు."

"ముందు కూర్చుంటే వెనక తగిలిందేం?"

"లేచి ఇటు తిరిగాను కదా, మావిస్!"

నేను అరగంట నవ్వాను. ఆయన నవ్వలేదు. మరో వారానికి మళ్ళీ వచ్చాడు. తలుపేశాడు, కిటికీ కూడా మూశాడు. గొంతు తగ్గించాలని ఎంత ప్రయత్నించాడంటే, అల్మారాలో కప్పులు కొద్దిగానే గలగలమన్నాయి.

"నా బదులు నువ్వు వెళ్ళు మావిస్. ఇంకా ఆరు వారాలుంది, పేరు మార్చొచ్చట. అడిగాను."

"నీకేమైనా పిచ్చా? గొరిల్లాలు పారిపోతాయనేనా?"

"గొరిల్లాల గొడవ కాదు." టోపీ తీసి చేతుల్లో నలిపాడు. "ఐరిస్‌కి సరిగ్గా వినపడదు. ముప్పై ఏళ్ళయింది. జ్వరమొచ్చి తగ్గాక అలా అయిపోయింది. ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకుంది. ఆవిడొక్కదానితోనే గట్టిగా మాట్లాడితే జనానికి తెలిసిపోదూ? అందుకని అందరితోనూ అరుస్తున్నా."

ముప్పై ఏళ్ళు! మా లోయలో ఆయన గొంతుని వెక్కిరించని వెధవ లేడు, అందరికంటే ఎక్కువ వెక్కిరించిన వెధవని నేనే. సిగ్గేసింది.

"అక్కడ గైడు గుసగుసగా చెబుతాడు," అన్నాడు. "ఆవిడకి వినపడదు, నేను అరవకూడదు. వినపడినట్టు తలూపుతూ నవ్వుతూ నిలబడుతుంది, గంట కాస్తా అయిపోతుంది. అదే నువ్వైతే నీ పెదాలు చూసి మాట పోల్చుకుంటుంది. నా గడ్డంలో పెదాలెక్కడ కనపడతాయి?"

"గడ్డం తీసెయ్యి!"

"తీస్తే ఎందుకని అడుగుతుందిగా!"

ఆయన మందలోకి వెళ్ళగానే నేను వాగు దాటాను. ఐరిస్ అటు తిరిగి బంగాళాదుంపల తొక్క తీస్తోంది. ఈ సంగతి ఎలా ఎత్తాలో తెలీక గుమ్మంలోనే ఆగి, "దేవుడా, ఎలా చెప్పను" అని నాలో నేను గొణుక్కున్నాను.

"ఏంటది చెప్పేది?" అంది ఐరిస్, తిరక్కుండానే.

నేను గుమ్మం పట్టుకున్నాను. "నీకు... వినపడిందా?"

ఆవిడ చెయ్యి తుడుచుకుని, చెవి మీది జుట్టు పక్కకి తీసింది. లోపల శనగగింజంత మిషను. "కార్లైల్ పట్నంలో పెట్టించుకున్నా. మూడేళ్ళయింది. కోటు కొనుక్కోడానికి వెళ్తున్నానని చెప్పా. చెప్పేశాడా నీకు?"

"మూడేళ్ళా! మరి ఆ మహానుభావుడు గొంతు చించుకుంటున్నాడే! చెప్పొచ్చు కదే!"

"చెబుదామనే ఇంటికొచ్చా. నేను గిన్నెలు కడుగుతున్నా, ఆయన వెనక నించుని తుడుస్తున్నాడు. నాకు వినపడదన్న ధైర్యంతో గొణుగుతున్నాడు మావిస్." ఐరిస్ మెడ దాకా ఎర్రబడింది. "నా మెడ గురించి. నా చేతుల గురించి. నాలాంటిది దొరకడం తన అదృష్టమట. పెళ్ళినాడు కూడా అనలేదు ఆ మాట! రోజూ అంటాడు, వెనక నించుని. నాకు తెలిసిందని తెలిస్తే ఆ మనిషి సిగ్గుతో చచ్చిపోతాడు, మళ్ళీ నోరెత్తడు. ఎలా చెప్పను?"

"మరి ఆ అరుపుల సంగతి?"

"అరిచినప్పుడు మిషను తగ్గించుకుంటా. గొణిగేటప్పుడు పెంచుకుంటా."

"అంటే ఆయనకి మెల్లగా మాట్లాడటం..."

"వచ్చు. బ్రహ్మాండంగా వచ్చు. నాతో మాట్లాడుతున్నానని అనుకోకూడదు, అంతే."

నేను తిన్నగా నార్మన్ దగ్గరికి పోయాను. "నేను వెళ్ళను. నాకు మోకాళ్ళ నొప్పులు. నువ్వే వెళ్ళు. గైడు ఏం చెబితే అది ఐరిస్ వెనక నించుని గొణుగు."

"వినపడదంటే వినవేం!"

"పడకపోతే పోనీ. నీ తృప్తి కోసం గొణుగు. అక్కడ నేను నించుంటే ఆవిడకి ఒరిగేదేమీ లేదు, నువ్వుండాలి."

నమ్మలేదు గానీ, నా మోకాళ్ళ మీద జాలిపడి ఒప్పుకున్నాడు.

సెప్టెంబర్లో ఓ ఉదయం ట్యాక్సీ వచ్చింది. ఐరిస్ కొత్త ఎండటోపీ పెట్టుకుని, కొండల వైపు తిరిగి నించుంది. నార్మన్ పెట్టెలు సర్ది, డిక్కీ మూసి, ఆవిడ వెనక్కొచ్చి ఆగాడు. నేను గేటు పక్కనే ఉన్నాను కాబట్టి నాకూ వినపడింది. ఆ గొంతు అంత మెత్తగా ఉంటుందని నేను కలలో కూడా అనుకోలేదు.

"ఈ టోపీలో నిన్ను చూడ్డానికి గొరిల్లాలే టికెట్టు కొనుక్కుని రావాలే, పిచ్చిదానా."

ఐరిస్ వెనక్కి తిరగలేదు. చెయ్యెత్తి జుట్టు సవరించుకున్నట్టే సవరించుకుని, చెవిలో మిషను ఇంకాస్త పెంచుకుంది.