రేపు రావాల్నా, యాదగిరి సాబ్?

స్వరూపక్క ఇక లేదు.

నిన్న పొద్దున రాయదుర్గం ఆఫీసులో మీటింగ్‌లో ఉండగా వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, అమ్మ పోయింది. హార్ట్ ఎటాక్" అంది.

మొన్న సాయంత్రమే మా గేటు దగ్గర చెప్పులేసుకుంటూ నా హెయిర్‌కట్ మీద జోకులేసిన మనిషి. ల్యాప్‌టాప్ మూసేసి, ఇంటికి ఫోన్ చేసి నాన్నకి చెప్పి బయటికి వచ్చేశాను.

ఆమె ఎవరో తెలియని ఫ్రెండ్స్ కోసం ఇది రాస్తున్నాను.

కొండాపూర్‌లో మాతో పాటు మా పెద్దనాన్న యాదగిరి ఉంటారు. పుట్టుకతోనే మాట లేదు. కాళ్ళు, కుడిచెయ్యి పనిచేయవు. వీల్‌చైర్‌లో ఉంటారు. వినపడుతుంది, అన్నీ అర్థమవుతాయి. అవునంటే ఎడమచేత్తో కుర్చీ చెయ్యి మీద తడతారు. కాదంటే ముఖం తిప్పేసుకుంటారు.

అంతే, సింపుల్. కానీ ఇంట్లో ఆయన్ని అడిగేవాళ్ళే లేరు. ఏం తినాలి, ఏం తొడుక్కోవాలి, ఎప్పుడు పడుకోవాలి, అన్నీ మేమే డిసైడ్ చేసేవాళ్ళం. ప్రేమతోనే.

స్వరూపక్క సపోర్ట్ వర్కర్, ఆయనకి రోజువారీ పనుల్లో సాయానికి. మూసాపేట నుంచి మెట్రోలో వచ్చేది.

మొదటిరోజు మా నాన్న తన అన్న గురించి పెద్ద లెక్చర్ మొదలుపెట్టాడు. ఆమె స్టూల్ లాక్కుని పెద్దనాన్న ఎదురుగా కూర్చుంది. "యాదగిరి సాబ్, నన్ను పనిలో పెట్టుకుంటరా?" అని అడిగి ఊరుకుంది.

అలా ఊరుకోవడమే ఆమె పనితనం. మాకేమో కాలు నిలవడం లేదు. నాన్న జవాబు చెప్పబోతే చెయ్యెత్తి ఆపింది.

చాలాసేపటికి పెద్దనాన్న తట్టారు.

అప్పటిదాకా ఆయనకి నాన్న పాత చొక్కాలే, తెలుపూ బూడిదరంగూ. ఆమె ఆయన్ని బట్టల షాపుకి తీసుకెళ్ళి ఒక్కొక్కటీ చూపించింది. ఆయన ఎంచుకున్నది కళ్ళు జిగేల్‌మనే చిలకాకుపచ్చ. మేం నవ్వితే ఆయన మాకంటే ఎక్కువ నవ్వారు.

ఇంకో సంగతి. పెద్దనాన్న పుట్టింది నలభైల చివర్లో. రజాకార్లు వస్తున్నారని ఊరంతా గుట్టల వెనక దాక్కుందట. పసివాడు ఏడిస్తే అందరూ దొరికిపోతారని నానమ్మ ఆయన నోరు చేత్తో మూసి పట్టుకుందట. ఆ గుట్టలిప్పుడు లేవు, వాటి చోట ఆఫీసు టవర్లున్నాయి.

నాన్న ఈ కథ చెబితే స్వరూపక్క కళ్ళు తుడుచుకుంది. తర్వాత నెమ్మదిగా, "అప్పుడంటే పానం కోసం మూసింది అమ్మ. ఇప్పుడు ఎవరొస్తున్నరని మీరు మూస్తున్నరన్నా?" అంది.



ఆమెకి ఒక పద్ధతి ఉండేది. సాయంత్రం వెళ్ళేముందు, "రేపు రావాల్నా, యాదగిరి సాబ్?" అని అడిగి నిలబడేది. ఆయన తట్టాకే కదిలేది. మేం అదేదో మర్యాదకి అనుకునేవాళ్ళం.

ఒకసారి ఆమే బోల్తా పడింది. పెద్దనాన్న పుట్టినరోజు ఎవరికీ తెలియదు కదా, మనమే ఒకటి పెట్టేద్దామని కేకు, బెలూన్లు, గల్లీ పిల్లలందరినీ పోగుచేసింది. సర్‌ప్రైజ్! పెద్దనాన్న గోడ వైపు తిరిగిపోయారు. సాయంత్రం ఆమె రోజూ అడిగేది అడిగితే, మళ్ళీ ముఖం తిప్పుకున్నారు.

మర్నాడు ఆమె నిజంగానే రాలేదు!

అమ్మ పరేషానై ఫోన్ చేసింది. "ఆయన వద్దన్నడు గదా వదినా. రోజూ ఉత్తగనే అడుగుతున్ననా?" అంది స్వరూపక్క.

ఆ తర్వాతి రోజు వచ్చి గడప బయటే నిలబడింది. "సర్‌ప్రైజ్ అంటే ఏంది సాబ్, అడగకుండ చేసుడే గదా. నాదే తప్పు. లోపలికి రావాల్నా?"

పెద్దనాన్న కాసేపు బెట్టు చేసి, తట్టారు.

నిన్న నేను ఇంటికి వచ్చేసరికి ఆయన కిటికీ దగ్గర కూర్చుని గేటు వైపే చూస్తున్నారు. ఆమె వచ్చే టైమ్ దాటిపోయింది.

నాన్న నన్ను వంటింట్లోకి లాగాడు. "అన్నకు చెప్పకు బిడ్డా. తట్టుకోలేడు. ఊరికి పోయిందని చెప్దాం." అమ్మదీ అదే మాట.

నాకూ భయమే. కానీ చెప్పకపోతే ఆయన రోజూ ఆ గేటే చూస్తూ ఉంటారు. ఆఖరిచూపు కూడా ఉండదు.

ఆమె స్టూలే లాక్కుని ఎదురుగా కూర్చున్నాను. "పెద్దనాయినా, స్వరూపక్క చచ్చిపోయింది" అని చెప్పి, ఊరుకున్నాను.

ఆయన గొంతులోంచి అలాంటి శబ్దం నేనెప్పుడూ వినలేదు. చాలాసేపు ఏడ్చారు. నాన్న నా వైపు కోపంగా చూశాడు.

"చూడనీకి పోదామా?" అని అడిగాను.

తట్టారు.

నాన్న తెల్లచొక్కా తెచ్చాడు. ముఖం తిప్పుకున్నారు. ఇంకోటి తెచ్చాడు. మళ్ళీ అంతే. ఆఖరికి చిలకాకుపచ్చది తెస్తే తట్టారు. "చావింటికి గీ రంగా అన్నా?" అని సణుగుతూనే గుండీలు నాన్నే పెట్టాడు.

మూసాపేటలో వాళ్ళింటి ముందు జనం దారిచ్చారు. ఎవరో పెద్దామె, "పాపం, ఆయనకేం తెలుస్తది" అంది. "అన్నీ తెలుసు. ఆయన్నే అడుగమ్మా" అన్నాడు నాన్న.

వీల్‌చైర్ స్వరూపక్క పక్కనే ఆపాం. పెద్దనాన్న ఆమె ముఖం వైపు చూస్తూ కూర్చున్నారు. తర్వాత కుర్చీ చెయ్యి మీద తట్టారు. ఎవరూ ఏమీ అడగలేదు. కాసేపాగి మళ్ళీ తట్టారు. మళ్ళీ తట్టారు.

"ఏమంటున్నరక్కా?" అని అడిగింది వాళ్ళమ్మాయి.

"రేపు రమ్మంటున్నరు" అన్నాను.

పోయిరా స్వరూపక్కా. అక్కడ ఎవరైనా నీ ఎదురుగా కూర్చుని, నీకేం కావాలో అడగాలి. నువ్వు చెప్పేదాకా ఆగాలి. నీ మనసుకి శాంతి దొరకాలి.