ఆ పొద్దుట మార్చుకున్న డ్యూటీ

మొన్న పెందుర్తిలో మా అమ్మాయి ఇంటి ముందు చర్చి వ్యాను వచ్చి ఆగింది. మనవరాలు యూత్ టీముతో వారం రోజులు సువార్త పనికి పాడేరు వైపు వెళ్తోంది. మా అమ్మాయి దాని తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తుంటే, కళ్ళు మూసుకోవలసినవాణ్ణి ఆ చేతినే చూస్తూ ఉండిపోయాను.

తొంభైల చివర మేం ఉక్కునగరంలో కంపెనీ క్వార్టర్లో ఉండేవాళ్ళం. నేను షిఫ్టు మనిషిని, పైగా సంఘపెద్దని. మా నాన్న నాటినుంచీ మా ఇంట్లో ఒక అలవాటు ఉండేది. ఊరికి బయల్దేరేవాళ్ళు గుమ్మం దాటేముందు తల వంచాలి, ఇంటి పెద్ద నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యాలి. మా ఆవిడ రెండ్రోజులు పుట్టింటికి వెళ్ళినా సరే, బయట ఆటోవాడు విసుక్కుంటున్నా సరే, అది జరగాల్సిందే.

ఆ వేసవిలో ఏజెన్సీ పల్లెల్లో పది రోజుల సేవకి పిల్లల్ని పంపమని పాస్టరుగారు అడిగినప్పుడు, ఆరాధన అయ్యాక లేచి, దేవుని పనికి పిల్లల్ని పంపడానికి వెనకాడకూడదని గొంతెత్తి చెప్పింది నేనే. మరుసటి ఆదివారం చదివిన జాబితాలో మొదటి పేరు మా అమ్మాయిది. ఇంటరు మొదటి ఏడాది పరీక్షలు రాసిన పదహారేళ్ళ పిల్ల. వద్దంటే నలుగురిలో నా మాట ఏం కావాలి? సరే అందామంటే కొండలు, దోమలు, మలేరియా జ్వరాలు, ఫోను లేని ఊళ్ళు. అవునూ అనలేదు, కాదూ అనలేదు, మూతి ముడుచుకుని తిరిగాను.

వ్యాను పొద్దున్న ఎనిమిదింటికి. ఆ వారం నాది మధ్యాహ్నం రెండింటికి మొదలయ్యే బీ షిఫ్టు. అంటే ఆ వేళకి ఇంట్లో ఉండాలి, చెయ్యి పెట్టాలి, నీ చేతుల్లో పెడుతున్నాను ప్రభువా అని నా నోటితో నేనే అనాలి. ఆ మాటంటే నాకు భయం వేసింది. అందుకని ముందురోజే యారాడనుంచి వచ్చే నా జతగాడితో పొద్దుటి షిఫ్టుకి డ్యూటీ మార్చుకున్నాను. వాళ్ళది సముద్రం మీద వేటకెళ్ళే కుటుంబం, వెళ్ళే మనిషిని ఒడ్డుదాకా వచ్చి సాగనంపే ఇల్లు. సరేనన్నాడు గాని, "ఏటి బావా, పిల్ల ఎల్తంటే ఇంటికాడ ఉండవా?" అని ఒక్క మాట అడిగాడు. వినిపించుకోనట్టే వచ్చేశాను.

తెల్లారేసరికి, అది నిద్ర లేవకముందే, స్కూటరేసుకుని వెళ్ళిపోయాను. మధ్యాహ్నం వచ్చాక మా ఆవిడ చెప్పింది, వ్యాను మూడోసారి హారన్ కొట్టేదాకా పిల్ల గుమ్మంలోనే నిలబడిందట. పోనీ అమ్మా, నువ్వు ప్రార్థన చెయ్యి అని కూడా అనలేదట.

ఆ పది రోజులూ ఎలా గడిపానో నాకే తెలుసు. పొద్దుటి కుటుంబ ప్రార్థనలో వాక్యం చదివేది అదే. అది లేక నేను చదవబోతే వరసలు తప్పేవి, చాపమీద దాని చోటు వైపు చూపు పోయేది. పక్క క్వార్టర్లో ఫోను మోగితే చాలు, తింటున్న కంచం ముందునుంచి లేచిపోయేవాణ్ణి. ఒక్కసారీ అది మాకొచ్చిన ఫోను కాదు.

పదకొండో రోజు సాయంత్రం నల్లబడి, చిక్కి వచ్చింది. సంచీ కింద పెట్టి, చెప్పులైనా విప్పకుండా నా ముందుకొచ్చి తల వంచింది.

"ఇప్పుడు పెట్టు నాన్నా. పది రోజులూ నెత్తి మీద ఏటో లేనట్టే ఉంది."

చెయ్యి పెట్టాను. సంఘంలో అంత గొంతున్న మనిషిని, దాని పాపిట్లో దుమ్ము చూస్తూ ఏడ్చేశాను.

మొన్న వ్యాను వీధి మలుపు తిరక్కముందే మనవరాలి ఫొటో ఫోనులోకి వచ్చేసింది, మధ్యాహ్నానికి అన్నం కంచం ఫొటో కూడా. పిల్లలు ఎక్కడున్నారో నిమిషాలమీద తెలుస్తోంది, మంచిదే. కాని ఆ పది రోజుల్లో ఎదురుచూసినట్టు మళ్ళీ ఎవరికోసం ఎదురుచూశాను? ఆ ఎదురుచూపే ఇళ్ళలోంచి వెళ్ళిపోయింది.

సాయంత్రం నేను మా ఇంటికి బస్సెక్కడానికి లేచాను. గుమ్మం దగ్గర మా అమ్మాయి అడ్డొచ్చి నిలబడింది. ఆ ఇంటికి ఇప్పుడు పెద్ద తనే. నేను తల వంచాను. నా బట్టతల మీద దాని అరచెయ్యి వెచ్చగా ఆనాక గాని, ఆ పొద్దుట మూడు హారన్లదాకా ఆ పిల్ల దేనికోసం నిలబడిందో నాకు తెలియలేదు.