బండల మీదుగా నిప్పు

ఈ జనవరి ఒకటో తేదీ పొద్దున మా ఆయన సిగరెట్టు పెట్టె, లైటరు తెచ్చి నా చేతిలో పెట్టి, "ఇంక వీటితో నాకు పని లేదు" అన్నాడు. ఆ మాట పెళ్ళయినప్పటి నుంచీ వింటున్నదే కాబట్టి నేను పెద్దగా చలించలేదు. ఈసారి మాత్రం ఫోనులో ఏదో యాప్ కూడా వేసుకున్నాడు. మానినప్పటి నుంచి ఊపిరితిత్తులు ఎంత బాగుపడుతున్నాయో అది గంటగంటకూ చెబుతుందట. నేను కూరగాయలకు పోయి వచ్చేలోపలే అది ఆయన్ను ఒకసారి మెచ్చుకుంది. నేను ఇన్నేళ్ళ కాపురంలో ఎన్నడూ అంత తొందరపడి మెచ్చుకోలేదు. ఆయన పట్టుదల ఎంతటిదో నెల తిరిగేలోపల తేలిపోతుంది, ఆ సంగతి వదిలేద్దాం. ఆ పెట్టెను ఎక్కడ దాచాలా అని వంటింట్లో నిలబడి ఆలోచిస్తుంటే, ఇలాగే ఒక జనవరి ఒకటిన బీడీ మానేసిన మా నాయన గుర్తొచ్చాడు.

అప్పుడు నేను పుట్టింట్లో ఉన్నాను. మా ఊరు బనగానపల్లె పక్కన. ఆ ఏడు నన్ను పక్క ఊరి బడికి టీచరుగా బదిలీ చేస్తే, మా ఆయన్ను కర్నూల్లో హోటలు భోజనానికి వదిలేసి, అమ్మానాయనల దగ్గర చేరాను. ఆ చలికాలం నాయనకు దగ్గు పట్టుకుంది. నంద్యాల డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చూసి, "కొత్త సంవత్సరం నుంచి బీడీ ముట్టొద్దు, ముట్టుకుంటే నా దగ్గరికి రావద్దు" అన్నాడు. నాయన బుద్ధిగా తలూపాడు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నాక మాత్రం, "ఉగాదికి మానేస్తా" అన్నాడు. జనవరి ఒకటిన కదా మానాల్సింది అని నేను అడ్డుపడితే, "అది ఇంగ్లీషోళ్ళ సంవత్సరాది పాపా. మనది ఉగాది గదా" అన్నాడు. అమ్మ పొయ్యి దగ్గర నుంచి తల కూడా తిప్పకుండా, "ఉగాది దాకా నువ్వుండాల గదా" అంది. దాంతో ఇంగ్లీషోళ్ళ సంవత్సరాదే ఖాయమైంది.

నాయన బీడీ గురించి చెప్పాలంటే ముందు మా పెరట్లోని బండల గురించి చెప్పాలి. మా ఇల్లూ పెద్దనాయన ఇల్లూ ఒకప్పుడు ఒకటే. ఆస్తి పంచుకున్నప్పుడు పెరడు మధ్యలో రొమ్మెత్తు నాపరాతి బండలు వరసగా నిలబెట్టి పాతారు. మా ఊళ్ళల్లో గోడకు ఇటుక దండగ, బండలు తవ్వుకున్నన్ని దొరుకుతాయి. బండలు పాతినప్పుడు అన్నదమ్ముల మధ్య ఏ పొరపొచ్చమూ లేదు. పెద్దమ్మ చేసిన బొరుగుల ఉగ్గాని గిన్నె అటునుంచి ఇటు, అమ్మ చేసిన ఓళిగలు ఇటునుంచి అటు, ఆ బండల మీదుగానే నడిచేవి. తగువు బోరు దగ్గర వచ్చింది. నాయన కొత్తగా వేయించిన బోరులో నీళ్ళు పడిన ఏడే పక్క చేనిలోని పెద్దనాయన బోరు ఎండింది. నా నీళ్ళు లాక్కున్నావని ఆయన, నేలలోపల నీళ్ళకు పేర్లు రాసుంటాయా అని ఈయన. చేనిగట్టు మీద నలుగురి ముందర ఒక మాటా ఒక మాటా పెరిగింది. ఆ రోజు నుంచి మాటలు బంద్.

మాటలు బందయినా నిప్పు బంద్ కాలేదు. మా పల్లెల్లో బీడీకి నిప్పు అడిగితే పగవాడికైనా లేదనరు. రోజూ పొద్దున కాఫీ తాగి నాయన బండల దగ్గర నిలబడి బీడీ ముట్టించేవాడు. కాసేపటికి అవతల నుంచి పెద్దనాయన వచ్చేవాడు. నోట్లో ముట్టించని బీడీ ఉండేది. ఏమీ అడగడు. నాయన తన బీడీ అందిస్తే దాంతో తనది ముట్టించుకుని, తిరిగి ఇచ్చేసి, ఒకరు తూర్పు వైపూ ఇంకొకరు పడమర వైపూ చూస్తూ తాగేవాళ్ళు. అయిపోయాక ఎవరిళ్ళలోకి వాళ్ళు. ఏళ్ళ తరబడి ఇదే తంతు. అంత పెద్ద రైతు అగ్గిపెట్టె కొనలేడా అని నాకు మొదటి నుంచీ ఒక కుతూహలం ఉండేది. ప్రతిదాని లోగుట్టూ లాగాలనే పాడు బుద్ధి నాకు పుట్టుకతో వచ్చింది.

జనవరి ఒకటిన నాయన బీడీ కట్టలు నా ఎదురుగానే పొయ్యిలో వేశాడు. అమ్మ ఆయన జేబులో వేయించిన శనగలు పోసింది. కాఫీ తాగాక అలవాటు కొద్దీ పెరట్లోకి పోయాడు గానీ, అవతల పెద్దనాయన చెప్పుల చప్పుడు వినగానే గబగబా గొడ్లపాకలోకి దూరాడు. నిప్పు లేదని ఎట్లా చెప్పాలో తెలియలేదు పాపం. చెప్పాలంటే మాట్లాడాలి కదా. పెద్దనాయన బీడీ నోట్లో పెట్టుకుని కాసేపు నిలబడి, వెనక్కి తిరిగి పోయాడు. మరుసటి రోజు పొద్దున రాలేదు. ఆ మరుసటి రోజూ రాలేదు. నాయన మాత్రం రోజూ కాఫీ తాగి బండల దగ్గర నిలబడి వచ్చేవాడు.

నాయనకు అన్నం సహించడం మానేసింది. పొగాకు గుంజుడు అట్లానే ఉంటుందని అమ్మ బెల్లం ముక్కలు పెట్టేది, సోంపు పెట్టేది. నేనూ అట్లాగే అనుకున్నాను. ఒక ఆదివారం అమ్మ గుడ్డలు నానేస్తుంటే నాయన చొక్కా జేబులోంచి కొత్త అగ్గిపెట్టె బయటపడింది. అమ్మ దాన్ని తెచ్చి ఆయన ముందర పెట్టింది. "నిప్పు లేంది పొగ రాదంటారు. ఈడ పొగ లేకుండా నిప్పెందుకుండాది, చెప్పు" అని నిలదీసింది. నాయన, "నాకు గాదులే. అన్నొస్తే ఇద్దామని" అన్నాడు. అమ్మ దాన్ని ఆయన వేసుకున్న చొక్కా జేబులో పెట్టింది. రోజూ పొద్దున ఆయన బండల దగ్గర ఎందుకు నిలబడుతున్నాడో నాకు అప్పుడు తెలిసింది.

లోగుట్టు పెరుమాళ్ళకెరుక అంటారు గానీ, మా ఇళ్ళలో అది పెద్దమ్మకు ఎరుక. మగవాళ్ళు మాట్లాడుకోకపోయినా మా ఆడవాళ్ళ మాటలు ఎన్నడూ ఆగలేదు. బడి నుంచి వస్తూ వీధి వాకిట్లోంచే వాళ్ళింటికి పోయి, పెద్దనాయన పెరట్లోకి ఎందుకు రావడంలేదని అడిగాను. పెద్దమ్మ లోపలికి తొంగి చూసి గొంతు తగ్గించింది. "మీ నాయన మానేసినాడని నేనే చెప్తి పాపా. అప్పట్నించి పోల్యా. మానుకున్నోని ముందర పోయి బీడీ తాగితే వానికి మళ్ళా ఆశ పుడతాది, వాని పానం ముఖ్యం అంటాండాడు" అంది. మరి ఇన్నాళ్ళూ అగ్గిపెట్టె కొనకుండా ఎందుకొచ్చేవాడని కూడా అడిగేశాను. పెద్దమ్మ నవ్వింది. "అగ్గిపెట్టె లేకేం. ఆయప్ప జేబులో ఎప్పుడూ ఉండాది. గుడ్డలుతికేటప్పుడు రోజూ తీసేది నేనే గదా." ఇదంతా నాయనకు చెప్పనని నా చేత ఒట్టు వేయించుకుంది. అన్నదమ్ముల నడుమ ఆడవాళ్ళు మాటలు మోస్తే ఉన్నది కూడా చెడుతుందని ఆమె నమ్మకం.

నేను ఆ ఒట్టును కష్టం మీద మోశాను. అటు చూస్తే తమ్ముడి ఆరోగ్యం కోసం రాని అన్న, ఇటు చూస్తే బీడీతో పాటు అన్నను కూడా పోగొట్టుకున్నానని కుమిలే తమ్ముడు. ఒకరోజు రాత్రి భోజనం దగ్గర నాయన ముద్ద పక్కకు నెట్టి, "బీడీ పోతే పాయె. మనిషి గూడ పాయె" అన్నాడు. తెల్లారి అంగడికి పోయి బీడీ కట్ట తెచ్చాడు. అమ్మ చీపురు కట్ట పట్టుకుని వాకిట్లోనే నిలబడిపోయింది. నేను డాక్టరు మాట గుర్తు చేస్తే, "ఆ డాక్టరు మా అన్నను పిలుచుకొస్తాడా?" అన్నాడు.

నాయన బండల దగ్గరికి పోయాడు. బీడీ నోట్లో పెట్టుకున్నాడు. మొదటి పుల్ల గాలికి ఆరిపోయింది. రెండోది వెలిగించి చేతులు అడ్డం పెట్టుకునేసరికి, అవతల పెద్దనాయన పంచ ఎగ్గట్టుకుని పరుగులాంటి నడకతో వచ్చాడు. ఎప్పటి నుంచి చూస్తున్నాడో ఏమో. బండల మీదుగా చెయ్యి చాపి నాయన నోట్లోని బీడీని లాగి కింద పారేశాడు.

"మానినోనివి మానినట్టు ఉండలేవా? చావాలనుండాదా నీకు?"

అన్నేళ్ళ తర్వాత పెద్దనాయన నోట వచ్చిన మొదటి మాట అది. నాయన చేతిలో పుల్ల కాలుతూనే ఉంది, వేలు చురుక్కుమన్నాక వదిలేశాడు.

"నువ్వు రాకపోతే నేనేం జేయాల, అన్నా?"

పెద్దనాయన బండ మీద చెయ్యి ఆనించాడు. ఆయన కళ్ళలో నీళ్ళు నాకు వంటింటి కిటికీ నుంచే కనబడ్డాయి. అమ్మ నా పక్కన వచ్చి నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చివరికి ఆయన, "వస్తాలేరా" అన్నాడు. ఆ తర్వాత, "ఈ యేడు శనగ ఎట్లుండాది?" అని అడిగాడు. పొద్దు బారెడెక్కిందాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు. నేను బడికి ఆలస్యంగా పోయాను.

అప్పటి నుంచి రోజూ పొద్దున పెద్దనాయన చేతిలో కాఫీ గ్లాసుతో బండల దగ్గరికి వచ్చేవాడు. బీడీ మాత్రం ఇంట్లోనే తాగి వచ్చేవాడు. ఇప్పుడు ఇద్దరూ లేరు. బోరు మాట గానీ, దాని కోసం పోగొట్టుకున్న ఏళ్ళ మాట గానీ వాళ్ళు ఎత్తగా నేనెప్పుడూ వినలేదు. మిగిలిన పొద్దులు వానల గురించీ పంటల గురించీ మాట్లాడుకోవడానికే వాళ్ళకు చాలలేదు.