మా బావగారు కొన్న కోళ్ళగూడు

మా బావగారు పద్దెనిమిది వేలు పోసి అమలాపురం నుంచి ఇనప కోళ్ళగూడు తెచ్చారు. ఎర్రరేకు కప్పు, కింద చక్రాలు. "కట్టుకునే బాధ లేదత్తయ్యగారూ, రెడీమేడండి," అన్నారు, మేడ కట్టించినంత గర్వంగా.

కోడిని కూరలో తప్ప చూడనివాడెవడో చేసిన గూడది. మొదటి వానకే చక్రాలు బురదలో దిగబడ్డాయి. కోడిపిల్లలు జాలీ సందుల్లోంచి బయటపడి వణుకుతుంటే, లోపల తల్లికోడి ఒకటే అరుపు. అమ్మ వాటన్నిటినీ గంప కింద మూసింది.

"మట్టి తొక్కుతావా టీచరమ్మా, ఉద్యోగం వచ్చేక కాళ్ళు నాజూకైపోయేయా?" అంది నాతో.

ఊక కలిపిన తడిమట్టి వాసన మీకు గుర్తుందా? చిన్నప్పుడు బడి నుంచి రాగానే యూనిఫాం ఎత్తికట్టి తొక్కేదాన్ని. అమ్మ కొబ్బరిమట్టలు పాతి, ఆ మట్టి మెత్తి గూడు కట్టేది. తలుపుకి పాత చెక్క, గడియకు బదులు సన్నికల్లు. పైసా ఖర్చు లేదు. మా ఇంట్లో మొదట బడికెళ్ళిన నాకు ఆ గూట్లో గుడ్లే నోటుపుస్తకాలయ్యాయి.

మళ్ళీ తొక్కాను. గూడు ఆరాక పిల్లలు తల్లి రెక్కల కింద సర్దుకున్నాయి.

ఆదివారం బావగారొచ్చి, "నా గూడేదండీ?" అన్నారు.

"ఆయ్, ఉందండి బాబూ. పొయ్యిలోకి కొబ్బరి డొక్కలు పెట్టుకున్నాం. అవైతే బయటికి పోవు కదండీ," అంది అమ్మ.